గడియారం ఆపిన ఇంట్లో పాట

“నీ గొంతు మళ్ళీ వచ్చిందా, అమ్మా?”

“వచ్చింది. కానీ నాది కాదు, వేరేదేదో వచ్చింది.”

గాల్వే ఆసుపత్రిలో, ఆపరేషన్‌కి ముందురోజు సాయంత్రం, ఆ పాటలమ్మాయీ నేనూ నోటితో అనుకున్న చివరి మాటలు ఇవి. చనిపోయిందేమో అనుకోకండి. బతికే ఉంది, మొన్న ఆదివారం కూడా వచ్చి వెళ్ళింది. ఆ మాటలనుకున్న మర్నాడే డాక్టర్లు ఆమె గొంతులో మాట పుట్టే చోటే కోసి తీసేశారు. తర్వాత చేతులతో చెప్పింది, పలక మీద రాసింది, ఫోనుతో పలికించింది. ఆ గొంతు మాత్రం మళ్ళీ నేను ఎదురుగా వినలేదు.

నన్ను ‘అమ్మా’ అనేది. మా అమ్మాయి నన్ను పిలవడం విని అదే నా పేరనుకుంది. చాలా రోజులకు సంగతి తెలిసింది గానీ మార్చుకోలేదు. నాకూ మార్చాలనిపించలేదు.

ఇది మా సంఘం వాళ్ళు వేస్తున్న పుస్తకానికి చెబుతున్నాను. రాసేది మా అమ్మాయి. నాకు తెలుగులో సంతకం, బైబిల్లో కూడబలుక్కుని నాలుగు మాటలు, అంతే వచ్చు. ఇక్కడికి కొత్తగా పెద్దవాళ్ళని చూసుకునే కేరర్ పనులకి వస్తున్న ఆడపిల్లలు చదువుతారంటే ఒప్పుకున్నాను. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. “అయితే తిట్లు కూడా రాయాలా?” అంది. అవి వదిలెయ్యమన్నాను.

గుంటూరులో మిరపకాయలకు తొడిమలు తీసే కూలికి వెళ్ళేదాన్ని. ఆ ఘాటులో ఏళ్ళ తరబడి కూర్చున్నందుకో, నా రాతో, గొంతులో కాయ లేచింది. పెద్దాసుపత్రిలో కోసి తీశారు. కాయతో పాటు గొంతూ పోయింది. అంతకుముందు మా గుడిలో ఆడవాళ్ళ వైపు పాట ఎత్తుకునేది నేనే. ఆ తర్వాత నా మాట సిమెంటు గచ్చు మీద ఇనపబకెట్ ఈడ్చినట్టయింది. “ఇక నువ్వు తిట్టినా పక్కింటికి వినపడదులే,” అని మా ఆయన సంతోషపడ్డాడు. ఆయన పోయాక, ఇక్కడ, డబ్లిన్‌కి పడమటగా ఉన్న ఈ గాల్వేలో, నర్సుగా చేస్తున్న మా అమ్మాయి నన్ను తెచ్చుకుంది.

పని చేసుకునే అనుమతి వచ్చాక ముసలివాళ్ళుండే ఒక నర్సింగ్ హోమ్ లాండ్రీలో కుదిరాను. దుప్పట్లకు చదువు అక్కర్లేదు. అక్కడే ఆ పాటలమ్మాయి తల్లిని చూశాను. మతి తప్పిన పెద్దావిడ. కొన్నాళ్ళు ఉంచుదామని తెచ్చారు. ఎవరి మాటా వినేది కాదు గానీ లాండ్రీలోకి వచ్చి నా పక్కన నిలబడి తువ్వాళ్ళు మడత పెట్టేది. నేను మడిచినవి విప్పి మళ్ళీ మడిచేది. నేనేమీ అనేదాన్ని కాదు. నాకూ తోడుగా ఉండేది.

కూతురు వచ్చి ఇది చూసింది. “మా ఇంటికొచ్చి మా అమ్మని చూసుకుంటావా?” అని నన్ను అడిగింది. మా అమ్మాయి ఒప్పుకోలేదు. “సర్టిఫికెట్ లేదు, ఇంగ్లీషు చదవలేదు. మందుడబ్బా మీద ఏముందో మా అమ్మకెలా తెలుస్తుంది?” అంది.

“మందులు నేను చూసుకుంటాను,” అంది ఆమె. “పక్కన కూర్చునే మనిషి కావాలి నాకు.”

అలా వెళ్ళాను. గాల్వే దాటి క్లేర్ వైపు పోయే దారిలో పాత రాతి ఇల్లు. ఒకప్పుడు పాడి నడిచిన ఇల్లు. కొట్టం ఖాళీగా ఉండేది.

ఆ అమ్మాయికి నలభై దాటాయి. ఏళ్ళ తరబడి ఒక బృందంలో వెనక నిలబడి రెండో గొంతు పాడింది. ఆ బృందం విడిపోయింది. ఇప్పుడు తన పాటలు తానే రాసుకుని, తన పేరు మీద మొట్టమొదటి ఆల్బమ్ చెయ్యాలని కూర్చుంది. ఇక్కడి పల్లెల్లో కంట్రీ పాటలంటే ప్రాణం. డాన్సు హాళ్ళలో మెరిసే చొక్కాలు వేసుకుని పాడతారు. ఈమెవి ఆ రకం కాదు. గీరుకుపోయిన గొంతు, ఒక గిటారు, తీగల మీద ఇనపకడ్డీ జార్చి మూలిగించే స్టీలు గిటారు ఇంకొకటి. దీన్ని ఆల్టర్నేటివ్ కంట్రీ అంటారని మా మనవరాలు చెప్పింది. అంటే ఏంటే అన్నాను. “సేమ్ థింగ్, అమ్మమ్మా. బట్ నోబడీస్ స్మైలింగ్,” అంది.

నేను చేరిన కొత్తల్లోనే ఒక పొద్దున, సింకు దగ్గర కప్పులు కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే చెప్పింది. గొంతులో క్యాన్సరు. రేడియేషన్ కరెంటు పెట్టారు, లొంగలేదు. గొంతు తీసెయ్యడం తప్ప దారి లేదన్నారు. కొద్ది వారాలు గడువు అడిగింది. ఆ వారాల్లో ఆల్బమ్ పూర్తవ్వాలి. అవ్వకపోతే ఇంకెప్పటికీ లేదు.

“ఎవరికీ చెప్పకు, అమ్మా. పాట వినేవాళ్ళు పాట వినాలి, నా జబ్బు వినకూడదు.”

తల్లికీ చెప్పలేదు. చెబితే ఏడుస్తుంది, గంటకి మర్చిపోతుంది, మళ్ళీ చెబితే మళ్ళీ కొత్తగా ఏడుస్తుంది. నాకు కాక ఇంకో ఇద్దరికే తెలుసు. ఒకాయన స్టీలు గిటారు వాయించే పెద్దాయన, మాట తక్కువ. రెండోది డబ్లిన్ నుంచి వచ్చిన రికార్డింగ్ ఇంజనీరు, ముప్పై ఏళ్ళ పిల్ల, చెవుల మీద హెడ్‌ఫోన్లు లేకుండా ఆమె తల నేను చూడనే లేదు. తల్లిని వదిలి వెళ్ళలేదు కాబట్టి పాటలు ఆ ఇంట్లోనే రికార్డు చేశారు.

పాట నడిచినంతసేపూ ఆ తల్లిని, నేను మామ్మగారనేదాన్ని, ప్రశాంతంగా ఉంచడం నా పని. పిల్లలూ, ఈ పనిలోకొచ్చే మీకు నేను చెప్పగలిగింది ఒక్కటే ఉంది. మతి తప్పిన మనిషి మాటను కాదనకండి. మామ్మగారి భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆయనింకా రాలేదేమని అడిగేది. “పశువుల సంతకి వెళ్ళారుగా, వచ్చేస్తారు,” అనేదాన్ని. మా అమ్మాయి దీన్ని అబద్ధం అంటుంది. కావచ్చు. ఆవిడ ఉన్న కాలంలోకి మనం వెళ్ళగలం, మన కాలంలోకి ఆవిడ రాలేదు. (ఇది కూడా రాయవే, మొహం అలా పెట్టకు.)

ఇంజనీరు పిల్లకి చప్పుడే శత్రువు. కిటికీలకి బొంతలు కొట్టించింది. పొయ్యి పైన గోడకున్న పెద్ద అద్దం శబ్దాన్ని తిప్పి కొడుతోందని దాని మీద దుప్పటి కప్పించింది. గోడగడియారం టిక్కుటిక్కుమంటోందని దాన్ని ఆపించింది. వంటింటి వెనక తలుపు సందులోంచి గాలి ఈల వేస్తోందని పరుపు అడ్డం పెట్టించింది. ఫ్రిజ్ కూడా ఆపేసి తన కారు తాళాలు అందులో పడేసింది. వెన్న పక్కన తాళాలు చూసి, అయ్యో, ఈ పిల్లకీ మామ్మగారి జబ్బే వచ్చిందని జాలిపడి, తీసి తలుపు పక్క మేకుకి తగిలించాను. సాయంత్రం తాళాలు తీసుకుని హాయిగా వెళ్ళిపోయింది. మర్నాటికి పాలు విరిగి, మాంసం కంపు కొట్టింది.

“తాళాల కోసం తలుపు తీస్తే ఫ్రిజ్ వెయ్యాలని గుర్తొస్తుందని పెట్టాను!” అని మొత్తుకుంది.

“గుర్తుండాలంటే వేలికి దారం కట్టుకో. తాళాలు చలికి వణుకుతున్నాయి,” అన్నాను.

ఆ రోజు పాటలమ్మాయి నవ్వి నవ్వి దగ్గింది. దగ్గు ఆగాక చేతిరుమాలు మడిచి జేబులో పెట్టేసుకుంది. దాని మీద ఏముందో నన్ను చూడనివ్వలేదు.

పాటలన్నీ ఒకటొకటిగా అయ్యాయి. ఒక్కటి మిగిలింది, అన్నిటికీ చివర రావలసిన పాట. అది వాళ్ళ నాన్నది. పశువులకు క్షయ పరీక్ష చేస్తారు ఇక్కడ. ఒక ఏడాది మందలో చాలావాటికి జబ్బు తేలి, ఉన్నవన్నీ లారీలో ఎక్కించి కబేళాకి తీసుకుపోయారు. ఆ మర్నాడు పాలు పిండే వేళకి ఆయన అలవాటు కొద్దీ వాకిట్లోకి వెళ్ళి ఆవుల్ని పిలిచాడట. ఈ పిల్ల కిటికీలోంచి చూసింది. పాట చివర మాటలుండవు. ఆ పిలుపే ఉంటుంది, పొడుగాటి కేక.

ఆ కేక ఆమెకి రావడం లేదు. సగంలో తెగిపోయేది. మళ్ళీ, మళ్ళీ. రోజురోజుకీ ఇంకాస్త కిందనే తెగేది. ఇంజనీరు పిల్ల ఏదో మీటరు చూసుకుంటూ, “ఇది లేకపోయినా ఆల్బమ్ గ్రాండ్,” అనేది. స్టీలాయన తీగలు తుడుచుకునేవాడు. “ఇది లేకపోతే మిగతావన్నీ దేనికి?” అంది ఆమె ఒకసారి. ఆసుపత్రిలో చేరడానికి ఇక ఒక్క రోజే ఉంది.

ఆ ఒక్క రోజున జరిగింది ఇది.

మధ్యాహ్నం లోపల గదిలో ప్రయత్నిస్తున్నారు. మామ్మగారు నిద్రపోతోంది. పక్క పొలం రైతు గుడ్లు పట్టుకొచ్చాడు. ఎప్పుడూ వెనక తలుపు తోసుకుని వచ్చేవాడు, ఇక్కడ అందరూ అంతే. ఆ తలుపు కదల్లేదు. కిటికీలకి బొంతలు. ముందు తలుపు కొట్టాడు. మళ్ళీ కొట్టకముందే నేను పరిగెత్తి తలుపు తీసి, పెదవుల మీద వేలు పెట్టాను. ఆయన నా భుజం మీదుగా లోపలికి చూశాడు. మొహం మారిపోయింది. టోపీ తీశాడు. గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. గుడ్లు నా చేతిలో పెట్టి, కాళ్ళు చప్పుడవకుండా వెళ్ళిపోయాడు. ఎంత మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాను.

కాసేపటికి కార్లు రావడం మొదలైంది. ఒకటి, దాని వెనక ఇంకొకటి, రోడ్డు వారగా వరస. ఆడవాళ్ళు హామ్ శాండ్‌విచ్‌లు, యాపిల్ టార్టులు, ఊరి హాల్లో వాడే పెద్ద టీ కెటిలు మోసుకొస్తున్నారు. మగవాళ్ళు నల్లకోట్లలో వాకిట్లో నిలబడ్డారు. ఒక్కొక్కరూ నా చెయ్యి పట్టుకుని, “సారీ ఫర్ యువర్ ట్రబుల్,” అంటున్నారు. నర్సింగ్ హోమ్‌లో ఆ మాట చాలాసార్లు విన్నాను. మనిషి పోయిన ఇంట్లో తప్ప అనరు. ఎవరు పోయారు? నాకెందుకు చెప్పలేదు?

అంతలో మామ్మగారు లేచి, చేతికర్రతో, స్వెట్టరు బొత్తాలు సరిగ్గా పెట్టుకుని మరీ వంటింట్లోకి వచ్చింది.

ఒకావిడ కెవ్వుమంది. టార్టు ఒకటి నేల మీద పడింది. మామ్మగారికి ఇంతమందిని చూసి ఎంత సంతోషమో. వెళ్ళి పొయ్యి పక్క తన కుర్చీలో కూర్చుని, చెయ్యి చాపింది. ఏం చెయ్యాలో తెలీక వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నారు.

“పాపం, ఎవరు పోయారు?” అని అడిగింది.

పక్క పొలం రైతు మొహం టమాటాపండు.

“గడియారం ఆగిపోయుంది... అద్దం కప్పేశారు... ముందు తలుపు తీశారు...” అని నసిగాడు. “ఆ తలుపు పాదిరిగారికీ శవపేటికకీ తప్ప తియ్యరు కదా.”

ఇక్కడి పల్లెల్లో మనిషి పోతే చేసేవన్నీ అవేనట. గడియారం ఆపుతారు, అద్దాలు కప్పుతారు, తెరలు మూస్తారు. డబ్లిన్ పిల్లకి తెలీదు. నాకు అసలే తెలీదు. మేమిద్దరం కలిసి బతికున్న మనిషికి చావు ఇల్లు తయారు చేశాం.

“నన్ను చూడ్డానికే ఇంతమందా?” అంటోంది మామ్మగారు. “అయితే టీ పొయ్యండి.”

చప్పుడుకి పాటలమ్మాయి బయటికొచ్చింది. గుమ్మంలో నిలబడి అద్దాన్ని, గడియారాన్ని, శాండ్‌విచ్‌లను, తల్లిని చూసింది. సంగతి అర్థమై నవ్వింది. రైతు క్షమాపణలు చెబుతూ టోపీ నలుపుతున్నాడు.

“నువ్వేం తప్పు చెయ్యలేదులే,” అంది. “కొంచెం తొందరపడ్డావంతే. పోతున్నది అమ్మ కాదు, నా గొంతు. ఎల్లుండి తీసేస్తున్నారు.”

ఇన్నాళ్ళూ దాచింది ఒక్క ముక్కలో చెప్పేసింది.

మా వైపు అయితే ఆడవాళ్ళు గుండెలు బాదుకునేవాళ్ళు. ఇక్కడ ఒకావిడ కెటిల్లో నీళ్ళు పోసింది. ఇంకొకావిడ నేల మీది టార్టు ఎత్తింది. ఒకాయన ప్రెస్, అదే వీళ్ళ వంటింటి అలమారు, తెరిచి కప్పులు దించాడు. వీళ్ళకి మనసు లేదంటారు మనవాళ్ళు కొందరు. అక్కడుంటే అనేవాళ్ళు కారు. కప్పుల కింద సాసర్లు గలగలమన్నాయి ఆ చేతుల్లో.

స్టీలాయన గుమ్మంలోకి వచ్చాడు. ఆ వారాలన్నిటిలో ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం నేను విన్నది అప్పుడే.

“వచ్చినవాళ్ళని ఎలాగూ ఉట్టిచేతుల్తో పంపరు. కూర్చోమను. ఇక్కడే పాడు.”

“ఇక్కడా!” అంది ఇంజనీరు. “కుర్చీలు, కప్పులు, ఇంతమంది ఊపిరి...”

“ఊపిరి ఉండనీ,” అంది పాటలమ్మాయి.

మైకు వంటింట్లోకి వచ్చింది. కొందరు కుర్చీల్లో, కొందరు గోడకి ఆనుకుని, ఇద్దరు మెట్ల మీద. నేను మామ్మగారి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. పాట మొదలైంది. లారీ వచ్చిన రోజు ఆ వాకిట్లో నిలబడినవాళ్ళు ఆ మగవాళ్ళలో ఉన్నారు. పాటలో లారీ వెనక తలుపు పడిన చోట పక్క పొలం రైతు కళ్ళు మూసుకున్నాడు.

చివరికి వచ్చింది. గిటారు మీద చెయ్యి ఆపేసింది. స్టీలు తీగ ఒక్కటే సన్నగా సాగుతోంది. నోరు తెరిచి పిలిచింది. గొంతు చీలింది గానీ తెగలేదు. చీలిన గొంతుతోనే పైకి, ఇంకా పైకి పోయింది. నాకు నా మెడ మీద కోసిన చోటు మండింది.

కేక ఆగింది. అప్పుడు మామ్మగారు తల తిప్పి చాలా మామూలుగా అంది: “మళ్ళీ పిలువు, పిల్లా. అవింకా రాలేదు.”

ఆ అమ్మాయి తల్లిని చూసి మళ్ళీ నోరు తెరిచింది. గాలి వచ్చింది. ఇంకోసారి తెరిచింది. గాలే. మామ్మగారు కంగారుగా కుర్చీ చేతులు పట్టుకుని లేవబోతోంది. ఆవిడకి పాలు పిండే వేళ దాటిపోతోంది. ఇంజనీరు ఎవరూ మాట్లాడొద్దని చెయ్యి ఎత్తింది, రికార్డింగ్ నడుస్తూనే ఉంది. నాకు ఆ సంగతి తట్టనే లేదు. నా పని నేను చేశాను.

“వస్తున్నాయి మామ్మగారూ,” అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో, నాకున్న గొంతుతో. “గేటు దగ్గరికి వచ్చేశాయి. నుదుట తెల్లమచ్చ ఉన్నది ముందు నడుస్తోంది.”

“ఆ,” అని కూర్చుంది. “అదెప్పుడూ ముందే.”

తర్వాత పాటలమ్మాయికి మాట వచ్చింది గానీ పాట రాలేదు. అందరూ టీ తాగారు, శాండ్‌విచ్‌లు తిన్నారు. ఒక్కరూ ధైర్యంగా ఉండమని చెప్పలేదు. వెళ్తూ వెళ్తూ ఆమె చెయ్యి పట్టుకున్నారు, చావు ఇంట్లో పట్టుకున్నట్టే. మర్నాడు ఆసుపత్రికి నేనూ వెళ్ళాను. అక్కడ ఏమనుకున్నామో మొదట చెప్పాను.

ఆపరేషన్ అయ్యాక పలక మీద రాసి చూపించేది. నాకు ఇంగ్లీషు చదవడం రాదు. మర్చిపోయి రాసి, నా మొహం చూసి గుర్తొచ్చి చెరిపేసేది. ఫోను పలికించిన గొంతు ఎవరిదో విమానాశ్రయంలో పిలిచే ఆడమనిషిది, అది మా ఇద్దరికీ నచ్చలేదు. చివరికి పలకా ఫోనూ పక్కన పెట్టేశాం. తువ్వాళ్ళు మడిచేవాళ్ళం.

ఇంజనీరు పిల్ల పాటలన్నీ సరిచేసి తెచ్చింది. చివరి పాటలో కేక తర్వాత నా మాటలు తీసేసింది. శుభ్రంగా ఉంటుందని ఆమె ఉద్దేశం, అందులో తప్పు లేదు. పాటలమ్మాయి విని, తల అడ్డంగా ఊపింది. నన్ను చూపించింది, స్పీకరును చూపించింది. ఇంజనీరు వాదించింది. ఆమె బల్ల మీద అరచేత్తో కొట్టింది. ఉంచారు. ఆల్బమ్ వచ్చి, రేడియోలో వేశారు. చివర మాట్లాడిన ఆ ముసలి రైతు ఎవరని ఎవరో అడిగారట. మా మనవరాలు బడిలో అందరికీ చెప్పుకుంది, మా అమ్మమ్మే ఆ ముసలి రైతు అని.

తర్వాతి చలికాలంలో మామ్మగారు నిజంగానే పోయింది. పక్క పొలం రైతు ఈసారి ముందు ఫోన్ చేసి అడిగి మరీ టార్టు తెచ్చాడు. నేను ఆ పని మానేశాను, తర్వాత ఇంకెక్కడా చేరలేదు. పాటలమ్మాయి ఇప్పుడు పాటలు రాస్తుంది, కుర్రపిల్లలెవరో పాడతారు. బాగానే పాడతారు. ఆమె వింటూ నా వైపు చూస్తుంది. నేను ఫరవాలేదన్నట్టు చెయ్యి ఊపుతాను.

ఆ ఆల్బమ్ మా ఇంట్లో ఉంది. చివరి పాట వచ్చేసరికి నేను లేచి వేరే గదిలోకి పోతాను. ఆమె గొంతు ఆగిన చోట నా గొంతు మొదలవ్వడం నేను వినలేను. ఆమె కావాలనే అలా ఉంచింది, అది ఆమె ఇష్టం. వినకపోవడం నా ఇష్టం.

ఇంకేం లేదు, అంతే. కలం అప్పుడే కింద పెట్టకు, ఆగు. నా గొంతులో చెప్పింది నీ గొంతులో ఎలా ఉందో చూద్దాం. మొదటి నుంచీ చదివి వినిపించమ్మా. ఆవుల దగ్గరికి వచ్చాక మాత్రం కాస్త నిదానంగా చదువు.